మోచేతి హెల్మెట్‌తో గుల్‌మర్గ్ దాకా

గన్నవరం

మేం డెల్టా వాళ్ళం. భూమి బల్లపరుపుగా ఉంటుందని ఎవరైనా వాదిస్తే మాకు కోపం రాదు, మా కళ్ళకి కనపడేది అదే కాబట్టి. మా లెక్కలో వాలంటే కాలవ గట్టు, లోయంటే బందరు రోడ్డు మీద గుంట. అలాంటి చోటి నుంచి ముగ్గురం, ముగ్గురి వయసూ కలిపితే ఒక పురాతన కట్టడం అయ్యేంతవాళ్ళం, కాళ్ళకి చెక్కలు కట్టుకుని మంచుకొండ మీంచి జారడానికి బయల్దేరాం. ఎందుకని అడక్కండి. టిక్కెట్లు ఊరికే వచ్చాయి. ఊరికే టిక్కెట్ ఇస్తే బెజవాడవాడు యమలోకానికైనా వెళ్తాడు. కిటికీ పక్క సీటేనా అని మాత్రం అడుగుతాడు.

టిక్కెట్లు మా జిలానీవి. గవర్నర్‌పేటలో వాడికి హెల్మెట్ల షాపుంది. బాగా అమ్మిన డీలర్లని కంపెనీ ఏటా ఎక్కడికో ఒక చోటికి తిప్పుకొస్తుంది. ఎప్పుడూ సముద్రాలూ ఇసుకా ఉన్న చోటికి పంపేవాళ్ళు, ఈసారి ఎవరికి బుద్ధి పుట్టిందో గుల్‌మర్గ్ అన్నారు. మూడు టిక్కెట్లు. జిలానీ భార్య రజియాకి చలి పడదు. ఫ్రిజ్ తలుపు తీయాలంటే శాలువా కప్పుకునే మనిషి. దాంతో మిగిలిన రెండు సీట్లూ నాకూ మా ఆవిడ సుజాతకీ వచ్చాయి. జిలానీ మా ఆవిడని చెల్లెమ్మా అంటాడు, ఆ వరసన నన్ను బావా అంటాడు. నేను వాణ్ణి ఏరా అంటాను. స్కూల్లో ఒకే బెంచీ మీద కూర్చుని ఒకే బెత్తం తిన్నవాళ్ళం.

జిలానీ గురించి ఒక రహస్యం చెప్పాలి, వాడి కస్టమర్లకి చెప్పకండి. హెల్మెట్ పెడితే జుట్టు ఊడుతుందని వాడి నమ్మకం. కొన్ని వేల తలలకి హెల్మెట్ తొడిగి పంపించినవాడు, తన తలకి మాత్రం కొబ్బరినూనె తప్ప ఏమీ తగలనివ్వడు. వాడి హెల్మెట్ మోచేతికి వేలాడుతుంటుంది. ఇందులో వాడి తప్పేం లేదు, మా ఊళ్ళో హెల్మెట్ ఉండే చోటే అది. ఇంకా శుభ్రంగా ఉండాలనుకునేవాళ్ళు పెట్రోలు ట్యాంకు మీద పెట్టి చంటిపిల్లలా పట్టుకుంటారు. సర్కిల్ దగ్గర విజిల్ వినపడగానే అది మోచేతి మీంచి తల మీదికి ఎగురుతుంది. సర్కిల్ దాటగానే దిగుతుంది. ఈ విద్యలో జిలానీని కొట్టేవాడు కృష్ణా, గుంటూరు జిల్లాల్లో లేడు. పాతికేళ్ళుగా కస్టమర్లకి చూపించీ చూపించీ, ఒంటిచేత్తో తలకి తొడిగి, అదే చేత్తో గడ్డం కింద బకిల్ టక్కున నొక్కుతాడు. మనం తుమ్మి కళ్ళు తెరిచేసరికి వాడు చట్టాన్ని గౌరవించే పౌరుడైపోయి ఉంటాడు.

రజియా గన్నవరం ఎయిర్‌పోర్టు దాకా వచ్చింది. సీసాడు గోంగూర పచ్చడికి ఏడు ప్లాస్టిక్ కవర్లు చుట్టి ఇచ్చింది. ఆ గోంగూరకి ఉన్న రక్షణ మా ముగ్గురిలో ఎవరికీ లేదు. తర్వాత నన్ను పక్కకి పిలిచింది.

"అన్నయ్యా, ఆయన మాట వినరు, మీకు తెలుసు. ఆయన తల మాత్రం నాకు తిరిగి తెచ్చివ్వండి. మిగతాది ఎలాగున్నా సర్దుకుంటాను."

"అంత మాటెందుకమ్మా," అన్నాను.

"నవ్వకండి. షాపు ముందు బండి స్కిడ్డయి చచ్చిపోయిన పిల్లవాడి హెల్మెట్ కూడా మోచేతికే ఉంది. ఆ రోజు నుంచి ఈయన బయటికెళ్తే నాకు తిండి సహించదు. ఆయనకేమో అది గుర్తే లేదు."

నేను నవ్వడం మానేసి మాటిచ్చాను. మూడు వేల కిలోమీటర్ల దూరం నేను మోసిన సామాన్లలో బరువైనది ఆ మాటే. గోంగూర సీసా తర్వాతి స్థానం.

శ్రీనగర్

విమానం దిగగానే చలి వచ్చి ఎదురుకోలు చేసింది. ముక్కుందో లేదోనని మాటిమాటికీ తడుముకోవాల్సి వచ్చింది. తడిమే చేయి ఉందో లేదో కూడా తెలియదు కాబట్టి ఆ పరీక్ష నమ్మకంగా లేదు. అక్కడి జనం మాత్రం మోకాళ్ళ దాకా వదులు ఫెరన్లు తొడుక్కుని, లోపల బుట్టలో అల్లిన నిప్పుల కుంపటి పెట్టుకుని, పొట్ట దగ్గర సూర్యుణ్ణి దాచుకున్నట్టు హాయిగా తిరుగుతున్నారు. కాంగ్రీ అంటారట దాన్ని. మా ఊళ్ళో మే నెలలో ఆ పని ఆకాశమే చేసిపెడుతుంది, బుట్ట ఖర్చుండదు.

పొద్దున్నే హరీసా తినాలని హోటలాయన చెప్పాడు. మేకమాంసం, బియ్యం రాత్రంతా ఉడికించి, మెదిపి మెదిపి, మాంసమేదో మెతుకేదో దేవుడు కూడా విడదీయలేనంతగా చేసి, పైన సలసలా కాగే నూనె చుట్టూ తిప్పి పోసిస్తారు. పక్కన వేడి రొట్టె. సుజాత శాకాహారి, రొట్టె తిని మా మొహాలు చూసి కడుపు నింపుకుంది. ఒక ప్లేటుకి వాళ్ళు తీసుకున్నదానికి మా ఊళ్ళో ఇద్దరు టిఫిను చేయొచ్చు. కానీ అది తిన్నాక మధ్యాహ్నం దాకా ఆకలి లేదు, సాయంత్రం దాకా చలి లేదు. నా మటుకు నాకు మర్నాటి దాకా వేరే కోరికే లేదు.

జిలానీ కొట్టువాడితో ఉర్దూలో బేరం పెట్టాడు. వాడిది మా వైపు ఉర్దూ, అందులో పన్నెండణాలు తెలుగు. కొట్టువాడు గరిటె ఆపి, ఈ ఉర్దూ ఎక్కడిదండీ అని ముచ్చటగా అడిగాడు.

"కృష్ణా నీళ్ళది," అన్నాడు జిలానీ.

ఆ జవాబుకి ఇంకో గరిటె పడింది. ప్రతిగా మేం గోంగూర సీసా విప్పాం. ఏడు కవర్లు విప్పేసరికి కొట్టు ముందు సభ చేరింది. ఆయన వేలికొసంత నాలుక మీద పెట్టుకుని కళ్ళు మూసుకున్నాడు. చాలాసేపు తెరవలేదు. మేం కంగారుపడుతుండగా కళ్ళు తెరిచి, "ఇది ఏ జబ్బుకి?" అని అడిగాడు. తర్వాత ఇంకొంచెం పెట్టమన్నాడు. ఆ చలికాలం శ్రీనగర్లో చెమట పట్టిన మొదటి మనిషి ఆయనే అయ్యుంటాడు.

తంగ్‌మర్గ్

గుల్‌మర్గ్ ఇంకో పది పన్నెండు కిలోమీటర్లుందనగా బండి ఆపి టైర్లకి గొలుసులు చుట్టడం మొదలుపెట్టారు. రోడ్డు అక్కడికింకా నల్లగానే ఉంది.

"ఇప్పుడే ఎందుకు?" అన్నాడు జిలానీ. "పైన చెకింగ్ కనపడ్డాక చుట్టుకుంటే సరిపోదా?"

డ్రైవరు వాణ్ణి ఎగాదిగా చూశాడు. "మీ ఊళ్ళో మంచు పడిందో లేదో పోలీసులు చూసి చెప్తారా సాబ్?"

జిలానీ నవ్వి బండెక్కాడు. రెండు మలుపులు తిరిగేసరికి రోడ్డు మాయమై తెల్లటి మైదాపిండి మిగిలింది. అటు గోడ, ఇటు ఆకాశం. నేను కళ్ళు మూసుకుని దుర్గమ్మకి ఏమేం మొక్కుకున్నానో ఇప్పటికీ పూర్తిగా గుర్తు రావడం లేదు. గుర్తొచ్చినవరకు తీర్చాలంటే ఇల్లు అమ్మాలి.

గుల్‌మర్గ్, బూట్ల కొట్టు

మాకు స్కీయింగ్ నేర్పడానికి కంపెనీ వాళ్ళు మాట్లాడిన టీచరు పేరు షాహిదా. ముప్ఫై ఏళ్ళుంటాయి. ఎండకి మంచుకి కాలి బుగ్గలు రాగి చెంబుల్లా మెరుస్తుంటాయి. గొంతు విప్పితే అవతలి కొండ సర్దుకు నిలబడుతుంది. ఆవిడ మాట్లాడింది హిందీ. నేను తెలుగులో రాస్తున్నాను. పదును తగ్గితే తప్పు నాది.

ముందు బూట్లు. ఒక్కొక్కటి రోకలంత బరువు. వాటిని స్కీలకి పట్టి ఉంచే బిగింపొకటి ఉంటుంది, దాన్ని మనిషిని బట్టి స్క్రూడ్రైవరుతో సరిచేస్తారు. అందుకని షాహిదా బరువెంత, వయసెంత, ఎంతవరకు వచ్చు అని అడిగింది.

జిలానీ తన బరువులోంచి ఒక బియ్యం సంచి తీసేశాడు. వయసులోంచి ఒక ఎలక్షన్ తీసేశాడు. ఎంతవరకు వచ్చు అన్నదానికి మాత్రం, "మంచి అనుభవం ఉంది," అన్నాడు.

"ఎక్కడ?"

"ఫ్లైఓవర్ మీద. ఇంజను ఆపేసి పైనుంచి కింద దాకా దిగుతాను. రోజూ."

సుజాత తల కొట్టుకుంది. "మేడమ్, ఆయన చెప్పినవేవీ రాసుకోకండి. బరువు పెంచండి, వయసు పెంచండి. అనుభవం సున్నా."

"చెల్లెమ్మా, పరువు తీశావు."

షాహిదా స్క్రూడ్రైవరు జిలానీ మొహం ముందు ఆడించింది. "పడ్డప్పుడు ఈ బిగింపు ఊడిపోయి కాలు వదలాలి. బాగా వచ్చన్నవాళ్ళకి గట్టిగా బిగిస్తాను, అది తొందరగా వదలదు. మీకు రాకుండా వచ్చని చెప్తే, మీరు ఇటు పడతారు, స్కీ అటు పోతుంది, మధ్యలో మోకాలు. అబద్ధం నోటితో ఆడితే మోకాలికి శిక్ష పడేది ఈ కొట్లోనే."

నేను నా వంతు వచ్చేసరికి ఉన్నదున్నట్టు చెప్పాను. ఈ జన్మలో ఏదీ పెంచకుండా తగ్గించకుండా చెప్పిన సందర్భాల్లో అదొకటి. నా బరువు నా నోటి నుంచే విని సుజాత కూడా ఆశ్చర్యపోయింది.

తర్వాత హెల్మెట్లు. జిలానీలోని వ్యాపారి నిద్రలేచాడు. తిప్పి చూశాడు, లోపల మెత్త నొక్కి చూశాడు, చెవుల మీది దళసరి గుడ్డ చూసి మెచ్చుకున్నాడు. మా వైపు ఇది అమ్మితే ఎంత మిగులుతుందో మనసులో లెక్కేసుకున్నాడు. లెక్క తేలాక మోచేతికి తగిలించుకున్నాడు.

షాహిదా చూసింది. "మీ మెదడు మోచేతిలో ఉంటుందా?"

నేను మా ఊరి పద్ధతి వివరించాను. సర్కిలు, విజిలు, తల, మళ్ళీ మోచేయి. ఆవిడ నవ్వి నవ్వి బల్ల మీద వాలిపోయింది. లోపలున్నవాళ్ళని కూడా పిలిచి మళ్ళీ చెప్పించింది. అందరూ నవ్వాక మొహం తుడుచుకుని, జిలానీ మోచేతి మీది హెల్మెట్ తీసి తనే వాడి తలకి పెట్టి, బకిల్ నొక్కింది.

"ఇక్కడ చెట్లుంటాయి చాచా. చెట్టు విజిల్ వేయదు."

పిల్లల వాలు

మొదటి రోజు మమ్మల్ని పిల్లల వాలు మీద వదిలారు. దాని ఏటవాలు మా ఇంటి ముందు స్కూటరెక్కించే ర్యాంపుకి అక్కయ్య లాంటిది. అక్కడ నేను పడని భంగిమ లేదు. వెల్లకిలా పడ్డాను, బోర్లా పడ్డాను, ఒకసారి నిలబడి ఉండగానే పడ్డాను. నిలబడ్డం, పడ్డం అనే రెండు పనులూ ఒకేసారి చేయొచ్చని నాకు అంతకుముందు తెలియదు.

సుజాత సంగతి వేరు. చిన్నప్పుడు సెలవులకి కూచిపూడిలో మేనత్త ఇంట్లో ఉండి కొన్నేళ్ళు నాట్యం నేర్చుకుంది. "మోకాళ్ళు వంచు, వీపు నిటారుగా, బరువు కిందికి," అని షాహిదా అనగానే మా ఆవిడ అరమండిలో కూర్చుంది. కాళ్ళ కింద మంచుందో గచ్చుందో ఆ మోకాళ్ళకి పట్టలేదు. స్కీల ముక్కులు దగ్గరికి, మడమలు దూరంగా పెట్టి, బండి బ్రేకు పట్టినట్టు మెల్లగా దిగి, చెప్పిన చోట ఆగింది. ఇంతకుముందు ఎక్కడ నేర్చుకున్నారని షాహిదా అడిగింది.

"మా గురువుగారు తాళం తప్పితే మోకాళ్ళ మీద కర్రతో కొట్టేవారు," అంది సుజాత.

"మంచి పద్ధతి," అంది షాహిదా, నా మోకాళ్ళ వైపు ఆశగా చూస్తూ.

మధ్యలో వేడివేడి కహ్వా తెచ్చిచ్చారు. కుంకుమపువ్వు, యాలకులు, బాదం తరుగు. మా ఊరి అల్లం టీకి ఐశ్వర్యం పడితే ఎలా ఉంటుందో అలా ఉంది. అది తాగుతూ జిలానీ, ఈ ఆటలో మనుషులు చచ్చిపోతారట నిజమేనా అని సరదాగా అడిగాడు. షాహిదా సరదాగా జవాబు చెప్పలేదు.

"మీలాంటి కొత్తవాళ్ళు కాళ్ళూ చేతులూ విరగ్గొట్టుకుంటారు. చచ్చేది ఎక్కువగా కొంచెం వచ్చినవాళ్ళు. అందులోనూ మగవాళ్ళు. భయం పోతుంది, ఒడుపు ఇంకా పూర్తిగా రాదు. బాగా దువ్విన మంచి వాలు మీద వేగంగా వస్తారు, అంచు దాటతారు, అంచున చెట్లుంటాయి. లేకపోతే తాడు కట్టి మూసిన చోటికి వెళ్తారు. సాయంత్రం అలిసిపోయి కాళ్ళు మాట విననప్పుడు ఇంకొక్కసారి అంటారు."

"హెల్మెట్ ఉంటే?" అన్నాడు జిలానీ. వ్యాపారి కదా.

"చిన్న తప్పుకి అది కాస్తుంది. పెద్ద వేగానికి కాయదు. అది పెట్టుకున్నాం కదా అని వేగం పెంచేవాడికి అసలు కాయదు."

చెట్ల మొదళ్ళ గురించి కూడా చెప్పింది. కొమ్మలు గొడుగులా మంచుని ఆపేస్తాయి కాబట్టి మొదలు చుట్టూ నేల దాకా బోలుగా ఉంటుంది. పైకి మాత్రం అంతా ఒకేలా తెల్లగా, పరుపులా కనపడుతుంది. ఆ ఒర లేని బావిలో తలకిందులుగా పడ్డవాడు సొంతంగా పైకి రాలేడు, ఊపిరాడదు, అరిచినా మంచు మింగేస్తుంది. "అందుకే ఒంటరిగా వెళ్ళకూడదు. ఎప్పుడూ ఒక కన్ను పక్కవాడి మీద ఉంచాలి," అంది. నాకు రజియా గుర్తొచ్చి రెండు కళ్ళూ జిలానీ మీద పెట్టాను. వాడు అప్పుడే హెల్మెట్ తీసి జుట్టు దువ్వుకుంటున్నాడు.

అక్కడి మనుషుల్లో నాకు నచ్చినదొకటి చెప్తాను. ఎవరైనా పడితే చుట్టుపక్కల వెళ్ళేవాళ్ళు ఆగి, చేయెత్తి, బాగున్నావా అని సైగ చేస్తారు. పడ్డవాడు చేయెత్తేదాకా కదలరు. అంతకుమించి ఒక్క మాట అనరు. మా ఊళ్ళో బండి మీంచి పడితే క్షణంలో ముప్ఫై మంది పోగవుతారు. ఒకాయన సోడా తాగిస్తాడు, ఇద్దరు బండి పక్కకి తీస్తారు, మిగతావాళ్ళు తప్పెవరిదో తేల్చేదాకా మనల్ని లేవనివ్వరు. మాదీ ప్రేమే. కాకపోతే అందులో వాదోపవాదాలుంటాయి. నేను అక్కడ పడ్డన్ని సార్లు బెజవాడలో పడి ఉంటే ఈపాటికి హైకోర్టు దాకా వెళ్ళేది.

చెట్ల దగ్గర

మూడో రోజు గాలిలో వేలాడే డబ్బా ఎక్కి కొండ నడుమ స్టేషన్‌కి వెళ్ళాం. అక్కడ మెత్తటి వాలు మీద సుజాత వంకర్లు తిరుగుతూ దిగింది, జిలానీ కూడా బాగానే దిగాడు. నిజం చెప్పాలి, వాడికి వచ్చేసింది. పొద్దున సరిగా వచ్చింది, మధ్యాహ్నానికి బాగా వచ్చింది, సాయంత్రానికి మరీ బాగా వచ్చిందనుకున్నాడు.

మబ్బు పట్టి వెలుతురు మందగించింది. మంచు, ఆకాశం ఒకే రంగైపోయి ఎత్తేదో పల్లమేదో తెలియడం లేదు. ఇవాళ్టికి చాలు, కిందికి డబ్బాలోనే పోదాం అంది షాహిదా.

"ఒక్కసారి, లాస్ట్ రౌండ్," అన్నాడు జిలానీ.

షాహిదా చెవులు మూసుకుంది. "మేం ఆ మాట అనం. లాస్ట్ అన్నదే లాస్ట్ అవుతుందని."

"మేమూ అంతే," అంది సుజాత. "ఇంట్లోంచి వెళ్తూ వెళ్తున్నాను అనం. వెళ్ళొస్తాను అంటాం."

ఆ మాట నచ్చి షాహిదా రెండు మూడుసార్లు పలికి చూసింది. ఆడవాళ్ళిద్దరూ కబుర్లాడుకుంటూ డబ్బా కోసం క్యూ వైపు నడిచారు. జిలానీ నా చేయి పట్టుకు లాగాడు.

"బావా, రెండు నిమిషాలు. ఫోటో."

షాపు మీద పెద్ద హోర్డింగ్ పెట్టాలని వాడి కోరిక. మంచుకొండ, కాళ్ళకి స్కీలు, చంకలో హెల్మెట్, మొహం నిండా ఓనరు. హెల్మెట్ తలకి పెడితే ఓనరెవరో తెలియదు కదా. వెనకాల జనం ఉండకూడదు, మంచు మీద గీత ఉండకూడదు. అలాంటి మంచు తాడుకి అవతలే ఉంది.

"ఒరేయ్, తాడు కట్టార్రా."

"మన ఊళ్ళో తాడు కట్టని రోడ్డుందా? అందరం కింద నుంచి దూరి పోవడం లేదూ?"

"రజియాకి నేను మాటిచ్చాను."

"జారనురా బాబూ. నుంచుంటాను, నువ్వు నొక్కు. వెళ్ళొస్తా."

దూరి వెళ్ళాడు. జుట్టు దువ్వుకున్నాడు. హెల్మెట్ మోచేతికి తగిలించి, చేతికర్రలు రెండూ స్టైలుగా పట్టుకుని, గడ్డం పైకెత్తాడు. నేను ఫోన్ పైకెత్తి నొక్కాను.

అప్పుడు విజిల్ వినపడింది. కొండ మీద కాపలా తిరిగే ఎర్ర కోటు ఆయన దూరాన్నుంచి వీణ్ణి చూసి, వెనక్కి రమ్మని గట్టిగా ఊదాడు.

ఇక్కడ నుంచి నేనేమీ పెంచడం లేదు.

విజిల్ చెవినపడగానే జిలానీ చేయి దాని పని అది చేసింది. మోచేతి మీంచి హెల్మెట్ లేచింది, తలకి ఎక్కింది, గడ్డం కింద టక్ మంది. వాడి మొహంలో సర్కిల్ దగ్గర కనపడే వినయం కూడా వచ్చేసింది. కానీ దానికోసం చేతికర్రలు వదిలేశాడు. ఒళ్ళు తూలి స్కీల ముక్కులు కిందికి తిరిగాయి. మోకాళ్ళు వంచాలని గుర్తు రాలేదు. అరవలేదు కూడా. చప్పుడు లేకుండా జారిపోయాడు, మెల్లగా, తర్వాత అంత మెల్లగా కాదు. ముందుకి కొట్టుకుపోతూ దేవదారు చెట్టు మొదలుకి తల తగిలింది. కొబ్బరికాయ కొట్టినట్టు వినపడింది. స్కీలు రెండూ ఊడి పక్కన పడ్డాయి. మనిషి లేడు. చెట్టు మొదట్లో మంచులోంచి రెండు బూట్లు మాత్రం పైకి కనపడుతున్నాయి. తర్వాత ఒకటే.

చూపు తిప్పితే ఆ తెలుపులో అది ఏ చెట్టో మళ్ళీ తెలియదు. అన్ని చెట్లూ ఒకేలా ఉన్నాయి. నేను ఫోన్ వదిలేసి, ఆ చెట్టు వైపు చేయి చాపి, రెప్ప వేయకుండా, "అక్కడ, అక్కడ," అని తెలుగులోనే అరుస్తూ నిలబడ్డాను. ఎర్ర కోటాయన నా వేలు చూసుకుంటూ వచ్చాడు. క్యూలోంచి షాహిదా ఎలా వచ్చిందో తెలియదు, నన్ను దాటి వెళ్ళడం మాత్రం కనపడింది. ఇద్దరూ ముందు కాళ్ళు పట్టుకు లాగలేదు. పక్క నుంచి గొయ్యి తవ్వి, మొహం ఎటుందో వెతికి, నోటి ముందు మంచు తీశారు. సుజాత వచ్చి నా రెండో చేయి పట్టుకుంది. గన్నవరంలో రజియా కట్టుకున్న చీర రంగు, అకారణంగా, నా కళ్ళ ముందు నిలబడింది.

చాలాసేపు అనిపించింది. షాహిదా తర్వాత అంతసేపు కాదంది.

జిలానీ దగ్గాడు. నోట్లోంచి మంచు ఊశాడు. కళ్ళు తెరిచి ఎర్ర కోటు చూశాడు, మెడలో విజిల్ చూశాడు.

"ఫైన్ ఎంత సార్?" అన్నాడు.

సుజాత అక్కడే మంచులో చతికిలబడి నవ్వడం మొదలుపెట్టింది. నవ్వు ఏడుపులోకి ఎప్పుడు తిరిగిందో ఆవిడకీ తెలియదు.

డాక్టరు గది

భుజం ఎముక విరిగింది, ఒక పక్కటెముక చిట్లింది. మోకాళ్ళు రెండూ బాగున్నాయి. బిగింపు తన పని చేసి కాలు వదిలేసింది. ఆ అనుభవం సున్నా అన్న చెల్లెమ్మకి జిలానీ ఎడమ చేత్తోనే దణ్ణం పెట్టాడు. హెల్మెట్‌కి నుదుటి నుంచి వెనకదాకా బీట పడింది. డాక్టరు దాని మీద వేలితో గీత వెంట గీసి, జిలానీ ఒళ్ళో పెట్టాడు. ఇన్నేళ్ళుగా వేల హెల్మెట్లు తిప్పి చూసినవాడు, పని చేసిన హెల్మెట్‌ని ఎప్పుడూ చూడలేదు. చాలాసేపు తిప్పి చూస్తూనే ఉన్నాడు.

చూశారా, హెల్మెట్ కాపాడింది అన్నాను నేను.

"హెల్మెట్ ఒక్కటే కాదు," అంది షాహిదా. మొదటిసారి ఆవిడ గొంతు తగ్గింది. "తక్కువ దూరం జారాడు, అందుకని అది సరిపోయింది. ఇంకాస్త పైనుంచి వచ్చుంటే అదీ కాసేది కాదు. బిగింపు ఊడి కాలు వదిలింది. మీరు కళ్ళు తిప్పలేదు. ఇందులో ఏ ఒక్కటి లేకపోయినా నేను ఇప్పుడు వాళ్ళావిడకి ఫోన్ చేస్తుండేదాన్ని." తర్వాత వాడి వైపు తిరిగింది. "ఒకటి చెప్పండి చాచా. మూడు రోజులు చెప్పినా పెట్టుకోనివారు, ఆ క్షణంలో ఎందుకు పెట్టుకున్నారు?"

"విజిల్ వేశారు కదమ్మా."

ఆవిడ ఎర్ర కోటాయనకి వాళ్ళ భాషలో మా సర్కిళ్ళ సంగతి చెప్పింది. ఆయన నవ్వలేదు. గడ్డం గోక్కుంటూ ఆలోచించాడు. "ఆగమని వేశాను. ఈయన ఆగి ఉంటే ఇదంతా లేదు," అన్నాడు. తర్వాత కొంచెం ఆశగా, "మీ ఊరివాళ్ళు ఇంకా ఎవరైనా వస్తున్నారా? ముందే చెప్పండి, డబ్బా దిగగానే ఊదుతాను," అన్నాడు.

వచ్చేటప్పుడు ఎర్ర కోటాయనకీ షాహిదాకీ మిగిలిన గోంగూరంతా ఇచ్చేశాం. ఇంతకంటే విలువైనది మా దగ్గర లేదు. షాహిదా బండి దాకా వచ్చి, వచ్చీరాని తెలుగులో, "వెళ్ళొస్తాను అనండి," అంది. ముగ్గురం అన్నాం. ఆ అమ్మాయి చేతుల్ని నేను ఇంకా మర్చిపోలేదు. తవ్వేటప్పుడు గ్లవుజులు తీసేసింది, గోళ్ళ దగ్గర నెత్తురు గడ్డకట్టి ఉంది.

బెజవాడ

గన్నవరంలో రజియా ముందు వాడి తల చూసింది. పుచ్చకాయ బేరం చేసినట్టు అటూ ఇటూ తిప్పి, తట్టి, వేళ్ళతో తడిమింది. తర్వాతే కట్టుకట్టిన చేయి చూసింది.

"మాట నిలబెట్టుకున్నారన్నయ్యా," అంది. బీటపడ్డ హెల్మెట్ సంగతి జిలానీ చెప్పబోతే వినలేదు. ఇంటికెళ్ళాక, వంటింట్లో ఒక్కతే కూర్చుని దాన్ని చూసిందని సుజాత చెప్పింది.

హోర్డింగ్ పెట్టలేదు. మంచులో దొరికిన నా ఫోన్లో ఫోటో ఉంది, బాగానే వచ్చింది, గడ్డం పైకెత్తి, జుట్టు దువ్వుకుని. వాడు చూడనన్నాడు. షాపులో గల్లా పెట్టె పక్కన బీటపడ్డ హెల్మెట్ పెట్టాడు. కస్టమర్లు అదెంతని అడుగుతారు. అమ్మేది కాదంటాడు.

భుజం అతుక్కున్నాక మొన్న వాడి బండి మీద వెనక కూర్చుని ఏలూరు రోడ్డు మీద వెళ్తున్నాను. జిలానీ ఇంటి దగ్గరే హెల్మెట్ పెట్టుకుని, బకిల్ నొక్కుకుని బయల్దేరాడు. సర్కిల్ చాలా దూరం ఉంది. పోలీసు లేడు, విజిల్ లేదు. అయినా చుట్టుపక్కల బళ్ళ మీదివాళ్ళు ఒక్కొక్కరే మమ్మల్ని చూసి ఉలిక్కిపడుతున్నారు. హెల్మెట్లమ్మే జిలానీని ఆ రోడ్డు మీద ఎరగనివాడు లేడు. వాడి తల మీద హెల్మెట్ ఉందంటే ముందెక్కడో చెకింగ్ ఉందనే కదా అర్థం. ఒక మోచేయి లేచింది. ఇంకొకటి లేచింది. ట్యాంకుల మీది చంటిపిల్లలన్నీ తలలెక్కుతున్నాయి.

పాల క్యాన్ల బండాయన పక్కకి వచ్చి కేకేశాడు. "జిలానీ భాయ్, ముందు చెకింగ్ ఉందాండీ?"

"ఉంది బాబాయ్," అన్నాడు జిలానీ. "ఎక్కడన్నది మాత్రం చెప్పరు."

పాలాయన క్యాను మీంచి హెల్మెట్ తీసి పెట్టేసుకున్నాడు. నేను నా మోచేతి వైపు చూసుకున్నాను. ఎవరూ చూడకుండా మెల్లగా దాన్ని తలకెక్కించి, గడ్డం కింద టక్కుమనిపించాను.